లెట్రిన్‌లో పెద్దలు

మార్చి 3, 2002
గోడలు కిటికీల ఎత్తుకి వచ్చాయి. లెట్రిన్ గదికి మాత్రం ఇంకా పునాది కూడా లేదు. అడిగితే ఈయన నీళ్ళు నమిలారు. "ముందు ఇల్లు లెగనీ, నర్సమ్మా..." కట్టుకున్న పెళ్ళాన్ని నర్సమ్మా అన్నారంటే మాట దాటేస్తున్నట్టే.

ఈ ఇంటికి నేను పెట్టిన షరతు ఒక్కటే — తలుపున్న లెట్రిన్. మా అమ్మాయి జ్యోతి ఎదుగుతోంది. హాస్టల్ నుంచి ఇంటికొచ్చిన పిల్ల చెంబు పట్టుకుని తుప్పల్లోకి పోకూడదు. అంతే. రాజభోగాలేమీ అడగలేదు.

మార్చి 11
నర్సు డ్యూటీలో పక్క ఊళ్ళో మీటింగ్. లెట్రిన్లు కట్టుకోండమ్మా అని గొంతు చించుకుంటుంటే వెనక నుంచి ఒకామె — "మీ ఇంటికాడ ఉన్నాదేటి, సిస్టరమ్మా?"
అందరూ నవ్వారు. తల కొట్టేసినట్టయింది.

ఏప్రిల్ 6
లేచింది! ఇంటి వెనక, చిన్న గది. పక్కనే గొయ్యి తీసి సిమెంటు ఒరలు దించారు. తలుపు కూడా పెట్టారు, గడియతో. ఇంక కూచునే బేసిన్ ఒక్కటే. నర్సీపట్నం నుంచి వస్తోంది... వస్తూనే ఉంది.

ఏప్రిల్ 19
బేసిన్ వచ్చింది. వచ్చి ఈయన జీపులోనే తిరుగుతోంది. రోజూ ప్యాసింజర్లతో పాటు ఘాట్ రోడ్డంతా చూసొస్తోంది. సంతకెళ్ళే ఒకామె తన కోడిపెట్టను దాంట్లో కూచోబెట్టుకుని వెళ్ళిందట. అది చెప్పి పడీపడీ నవ్వుతున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. "దింపుతారా లేదా" అన్నాను.
దింపారు — పశువుల పాకలో.

మే 14
స్లాబు పడింది. ఊరంతా వచ్చి చేయి వేశారు. మధ్యలో వాన తరుముకొచ్చేసరికి ఇంటి మీద హడావిడిగా కానిచ్చేశారు. వాన ఆగాక మిగిలిన మాలు లెట్రిన్ మీద నిదానంగా, నున్నగా పోశారు. సెలవులకొచ్చిన జ్యోతి కూడా నీళ్ళు మోసింది. "దసరాకి నువ్వొచ్చేసరికి నీ గది తయారు" అన్నాను. నమ్మింది పిచ్చిపిల్ల.

మేస్త్రి సామాను సర్దుకుని వెళ్ళిపోయాడు. బేసిన్ ఎవరు బిగిస్తారు? "మళ్ళీ ఒత్తాడులే" అని ఈయన.

జూన్ 9
కొత్తింట్లోకి దిగాం. అత్త పెద్దల కుండ నెత్తిన పెట్టుకుని ముందు నడిచింది. పోయిన మా మావయ్య, ఆయన తండ్రి, వెనకటి వాళ్ళందరూ ఆ కుండలోనే. నడింటి మూలన కూచోబెట్టి, చాలాసేపు వాళ్ళతో ఏదో మాట్లాడుకుంది. నాకూ సంతోషంగానే ఉంది, అబద్ధమెందుకు.

జూలై 12
స్లాబు కారుతోంది. అన్ని గదుల్లోనూ. పెద్దల మూలన మరీను. అత్త కుండ మీద గొడుగు పట్టుకుని కూచుంది — ఇంట్లో!

జూలై 15
బావ వచ్చారు. ఈయనకి అన్న, కుండ కదపాలంటే ఆయనే కదపాలి. చుక్క కారని చోటు కోసం ఇల్లంతా వెతికి, పెరట్లోకి వెళ్ళి, చివరికి... ఛీ, రాయడానికి చెయ్యి రావడం లేదు. లెట్రిన్ గది.
"ఒక్క బొట్టు నేదు. ఎవులూ ముట్టని గది" అన్నారు బావ, మహా తృప్తిగా.
ఎందుకు ముట్టలేదో నన్నడగండి! బేసిన్ పాకలో ఉంది గనక.

సాయంత్రం ఆ నేల మీద బియ్యపు గింజల్ని జంటలుగా పేర్చి, పైన బుట్ట బోర్లించారు. తెల్లారి గింజలు కదలకపోతే పెద్దలు ఆ చోటు ఒప్పుకున్నట్టు. కదలాలి. కదిలి తీరాలి.

జూలై 16
కదల్లేదు. కుండ వెళ్ళింది.

జూలై 17
పొద్దుట్నించీ దెబ్బలాటే. పెద్దల్ని లెట్రిన్‌లో కూచోబెడతారా అని నేను. "ఇంకా లెట్రిన్ అవ్వనేదు గదేటి" అని ఈయన. ఆహా, ఏం తెలివి! "వానలు తగ్గినాక తీసేద్దుం" అన్నారో లేదో అత్త అందుకుంది — "ఒప్పుకున్న సోటు నించి లేపేత్తారేటి? పెద్దోలంటే మీకు ఆటలా?"
థూ. ఈ ఇంట్లో చచ్చిపోయినవాళ్ళకి తలుపుంది, బతికున్నవాళ్ళకి లేదు.

ఆగస్టు 18
రెండు రోజుల సెలవుకి జ్యోతి వచ్చింది. పెరట్లోకి పరిగెత్తింది, తలుపు తీసింది, వెనక్కి వచ్చింది. "అమ్మా, తాతోళ్ళు లెట్రిన్‌లో ఉన్నారేటి?" నవ్వుతూనే అడిగింది. పైగా నెలసరి రోజులు. జోరున వాన. తుప్పల్లో నేను కొంగు అడ్డం పట్టుకుని నిలబడితే, అవతల జీపు ఆపుకుని ఎవడో ఇటే చూస్తున్నాడు. వచ్చాక దాని కాలి నుంచి జలగల్ని ఉప్పేసి లాగాను. అది ఏడవలేదు. నాకే ఏడుపొచ్చింది.

ఆగస్టు 19
జీపెక్కుతూ అంది — "దసరాకి రానమ్మా. హాస్టల్లోనే ఉంటాను. అక్కడ తలుపున్నాది."
ఈయన విన్నారు. స్టీరింగ్ తుడుచుకున్నారు.

సెప్టెంబరు 5
అత్త పడిపోయింది. తెల్లవారుజామున తుప్పల్లోకి వెళ్తూ, బురదలో. తుంటి విరిగింది. జీపులో పడుకోబెట్టి ఆస్పత్రికి తీసుకెళ్తే ఘాట్ రోడ్డు పొడుగునా ఒకటే అరుపు. పాపం.

సెప్టెంబరు 20
మంచమే. అన్నీ మంచంలోనే. కొత్త ఇల్లు, నడిల్లు, కొత్త సున్నం — దానికి ఉచ్చకంపు, ఫినాయిల్ కంపు. ఇలాంటివి డ్యూటీలో ఎన్ని ఎత్తలేదు, నాకు అసహ్యం అది కాదు. కొడుకులిద్దరూ వసారాలో కూచుని బీడీలు కాలుస్తూ "అమ్మకి కట్టమైపోతన్నాది" అంటారే, అదీ. లోపలికి ఒక్కరూ రారు.

అక్టోబరు 5
పెద్దల్ని లేపి, ఆ గదిలో బేసిన్ బిగించి, పైన కన్నం చేసిన కుర్చీ పెడితే అత్తకీ సుఖమే అని చెప్పాను. ఈసారి ఈయన అడ్డు రాలేదు. బావ మెత్తబడ్డారు. "మరి పెద్దోలికి యేరే సోటు అడగాల." పాత ఇంటి గోడ పక్కన గింజలు పెట్టారు.

అక్టోబరు 6
చెదిరిపోయాయి. చీమలండీ, చీమలు! చెబితే ఎవరు వింటారు?

అక్టోబరు 8
ఇందాకే బావ వసారా మూలన బుట్ట బోర్లించి వెళ్ళారు. ఇదీ చెదిరితే ఈ ఏడు ఇంక అడగకూడదట. హాస్టల్‌కి రేపు దసరా సెలవులిస్తారు. జ్యోతిని తీసుకురావాలా అని ఈయన అడుగుతున్నారు, నన్ను!

అత్తకి ఒళ్ళు తుడుస్తుంటే చెయ్యి పట్టుకుంది.
"ఒలే కోడలా... రేపు మీ బావ రాకముందే ఎల్లి బుట్ట ఎత్తి సూడు. గింజ కదిల్తే సరిగ్గా ఎట్టీ. బేగి ఎట్టీసి వచ్చీ."
గుడ్డ పక్కన పెట్టేశాను.
"అత్తా, అప్పుడు లెట్రిన్ గదిలో గింజలు... నువ్వే సరిగ్గా పెట్టావా?"
మొహం గోడ వైపు తిప్పుకుంది.
"నిన్నే. చెప్పు."
"జ్యోతి గుంట వత్తాదా, రాదా?" అంది గోడతోనే.

మళ్ళీ మళ్ళీ అడిగాను. ఒళ్ళు తుడవడం పూర్తిచేసి, నీళ్ళు పారబోసి, చేతులు కడుక్కుని వచ్చి ఇది రాస్తున్నాను. అసహ్యం వేస్తోంది. ఆవిడ మీదో, గింజల మీదో, నా మీదో తెలియడం లేదు. జ్యోతిని తీసుకురమ్మనాలో వద్దో ఈయనకి ఇంకా జవాబు చెప్పలేదు.