వేషం తీసి వచ్చే రోజు

పూజ్యుడైన అన్నయ్యకు, శంషాబాదు నుంచి కామేశ్వరి నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమమని మొదటి వాక్యంలోనే రాయడం మనింటి అలవాటు. ఈసారి ఆ వాక్యాన్ని కాస్త వెనక్కి జరుపుతున్నాను, ఏమీ అనుకోకు. నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? వదిన కూరల్లో ఉప్పు తగ్గించిందా, తగ్గించానని నీతో చెబుతోందా?

నేను బాగానే ఉన్నాను. అమ్మాయీ అల్లుడూ ఇద్దరివీ విమానాశ్రయంలోనే ఉద్యోగాలు. ఒకరు వచ్చే వేళకు ఒకరు వెళతారు. ఇద్దరినీ పక్కపక్కన చూడాలంటే గోడ మీద పెళ్ళి ఫోటో చూసుకోవలసిందే. మనవరాలు చిన్మయిని చూసుకోవడం నా పని. ఇన్నేళ్ళు బడిలో ఛందస్సు చెప్పిన నోటితో ఇప్పుడు ‘పాలు తాగు’ అన్న ఒక్క మాటనే రకరకాల రాగాల్లో చెబుతున్నాను. విమానాలు మా డాబాకు ఎంత దగ్గరగా పోతాయంటే, మాట సగంలో ఆపి, అది దాటాక అందుకోవాలి. నా నోరు మూయించగలిగినవి ఈ లోకంలో ఇవి మాత్రమే. ఎండ మన వైపు లాగా చెమట పట్టించదు, ఒట్టినే ఎండబెడుతుంది. పనిమనిషి యాదమ్మ మంఖాల్ నుంచి వస్తుంది. తెచ్చుకున్న జొన్నరొట్టెలో సగం నాకు పెడుతుంది. “అమ్మా, నువ్వు మాట్లాడితే సగమే సమజైతది” అంటుంది. మిగతా సగం తిట్లేలే అన్నాను. “గవ్వే మంచిగ సమజైతయి” అంది. పగలంతా నేను మాట్లాడే పెద్ద మనిషి ఆవిడొక్కతే. అయినా బాగానే ఉన్నాను.

ఇక అసలు సంగతి. నువ్వు విసుక్కోకుండా చదవాలి.

చిన్మయి ఒక బొమ్మల సినిమా పట్టుకుని కూర్చుంది. చూసిందే చూస్తుంది, నన్నూ కూర్చోబెడుతుంది. అందులో ఒక జీవి ఉంటుంది. దానికంటూ ఒక రూపం లేదు. కాసేపు కొంగ, కాసేపు మేక, కాసేపు ముసలమ్మ. ఎవరినీ కరవదు, కొట్టదు. కోటలో పిల్లలను నవ్వించడానికి రూపాలు మారుస్తుంది. పెద్దవాళ్ళు దాన్ని మాయదారిదని రాళ్ళతో తరుముతారు. ఆ కోటలో అందరికీ చెంపల దాకా పెద్ద పెద్ద కళ్ళు వేశారు, ఒక్కరికీ చూపు లేదు. నేను చత్వారపు కళ్ళద్దాలు తుడుచుకుంటూ ఉంటే చిన్మయి, “అమ్మమ్మా, ఏడుస్తున్నావా?” అంది. ఉల్లిపాయలన్నాను. ఇంట్లో ఆ రోజు ఉల్లిపాయే లేదు.

నాకు ఎవరు గుర్తొచ్చారో నీకు చెప్పాలా? మన సుబ్బు. పగటివేషాల బృందంతో వెళ్ళిపోయిన మన తమ్ముడు.

ఆ వారంలోనే సుబ్బు కొడుకు రవి ఫోన్ చేశాడు. కాటేదాన్‌లో ఒక ప్లాస్టిక్ కార్ఖానాలో పని చేస్తున్నాడు, తండ్రి తన దగ్గరే ఉన్నాడు. నేనిక్కడికి వచ్చానని ఎవరో చెప్పారట. “అత్తయ్యా, బాపును ఒక్కసారి చూసి పో” అన్నాడు. ఆదివారం చిన్మయిని వెంటబెట్టుకుని వెళ్ళాను.

కార్ఖానా వెనక ఒక్క గది. మంచం మీద ఒక ముసలాయన. నాన్న పోలిక చెవులు లేకపోతే సుబ్బు అని నేను పోల్చలేకపోయేదాన్ని. నన్ను చూసి చెయ్యెత్తి, ఫకీరు గొంతుతో దీవించాడు. మంచినీళ్ళు తాగేసరికి మడి కట్టిన సోమిదేవమ్మ అయిపోయి, తడిబట్ట లేకుండా గదిలోకి ఎలా వచ్చావని నన్ను గదమాయించాడు. ఇంకాసేపటికి ఎరుకలసాని అయి, చిన్మయి చెయ్యి చూసి రాజయోగం ఉందన్నాడు. అన్నీ ఉన్నాయి అన్నయ్యా, ఆ గొంతులు, ఆ కనుబొమలు, ఒక్క మెరుపూ తగ్గలేదు. సుబ్బు ఒక్కడే లేడు.

“పొద్దుగాల నుంచి గిట్లనే అత్తయ్యా” అన్నాడు రవి. “ఫకీరైతే అన్నం తింటడు. సోమిదేవమ్మ అయితే మడి అని ముట్టడు. గందుకే నేను కంచం పట్టుకొని ‘ఫకీర్ సాబ్’ అని పిలుస్త. కన్నతండ్రిని గట్ల పిలుసుడేంది అనిపిస్తది. కానీ తినాలె కద.”

“ఇప్పుడు తింటున్నాడా?”

“జర తగ్గింది. దవాఖానల చూపిచ్చిన. ఇగ శానా రోజులు కష్టమే అన్నరు. కిరాయికిచ్చిన ఇంటోళ్ళు గూడ ఖాళీ చెయ్యమంటున్నరు. ఆడమనిషి గొంతుతోని ఏడుస్తడని గల్లీల పిల్లలు భయపడుతున్నరట.”

మా పిల్ల భయపడలేదు. “తాతా, నీలాంటిదే ఒకటుంది, చూస్తావా?” అంటూ నా ఫోన్‌లో ఆ సినిమా పెట్టి ఆయన పక్కన చతికిలబడింది. సుబ్బు చేతులు ఆడించడం మానేశాడు. చివర్లో ఆ జీవి అన్ని రూపాలూ వదిలేసి, ఏ రూపమూ లేకుండా కోట తలుపు ముందు నిలబడుతుంది. ఇదెవరో మాకు తెలియదంటారు కాపలావాళ్ళు. అప్పుడు మాట్లాడాడు సుబ్బు. ఫకీరు కాదు, సోమిదేవమ్మ కాదు. మన పెరట్లో నాతో జామకాయల కోసం పోట్లాడిన గొంతు.

“వేషం తీసి రాకూడదమ్మా వాడు. తీసి వస్తే ఎవరూ గుర్తుపట్టరు.”

అన్నయ్యా, నీకు ఆ రోజు గుర్తుండే ఉంటుంది. వేషగాళ్ళు ఊళ్ళో అన్ని రోజులూ ఒక్కో వేషంలో ఇంటింటికీ వచ్చి, ఆఖరి రోజు మాత్రం వేషం తీసేసి, సొంత మొహంతో సంభావన కోసం వస్తారు. ఇల్లు విడిచిన మరుసటి ఏడు సుబ్బు మన ఊరికి బృందంతో వచ్చాడు. వాడి గొల్లభామ వేషానికి నాన్న కూడా నవ్వాడు, ఎవరో తెలియక. ఆఖరి రోజు మొహం కడుక్కుని, తెల్ల పంచె కట్టుకుని మన గడప ముందుకు వచ్చి, “పెద్దయ్యగారు ఇంట్లో ఉన్నారా?” అని అడిగాడు. నువ్వు తలుపు దగ్గర నిలబడి, లేరన్నావు. నాన్న లోపల భోజనం చేస్తున్నాడు. అలా చెప్పమన్నదీ ఆయనే. ఆ ఇంట్లో ఆయన మాటకు ఎదురు చెప్పే ధైర్యం వంటింటి పిల్లికి కూడా లేదు, నిన్నేమీ అనడం లేదు. వాడు దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

ఆ మాట అన్నాక సుబ్బు మంచం దిగాడు. తడుముకుంటూ గడప దాటి బయట నిలబడి, నా వైపు తిరిగి అడిగాడు.

“అమ్మా, ఇవాళ ఆఖరి రోజు. పెద్దయ్యగారు ఇంట్లో ఉన్నారా?”

ఉన్నారన్నాను. భోజనం చేస్తున్నారు, వచ్చేస్తారు, కూర్చోమన్నాను. తలూపి గడప బయటే కూర్చున్నాడు. లోపలికి రమ్మంటే రాడు. పెద్దయ్యగారు పిలవాలి కదా.

ఇప్పుడు పెద్దయ్యగారు నువ్వే అన్నయ్యా. పైగా నీది అచ్చం నాన్న గొంతు. ఫోన్‌లో మాట్లాడతానంటావేమో, వద్దు. ఫోన్‌లో మొహాన్ని వాడు ఇంకో వేషమనుకుంటాడు. నలుగురూ ఏమంటారంటావేమో. ఆనాటి నలుగురిలో మిగిలింది మనిద్దరమే. నేనేమీ అనను, అదీ ఒక వింతే. మీ అబ్బాయిని తోడు తీసుకుని రైలెక్కు. వచ్చేటప్పుడు ఒక పంచెల చాపు తీసుకురా. ఆఖరి రోజు సంభావన ఒట్టి చేతులతో ఇవ్వకూడదు. ఇక్కడ కొనొచ్చు కానీ, అది మన ఊరి నుంచి రావాలి.

నిన్న రవి మళ్ళీ ఫోన్ చేశాడు. “అత్తయ్యా, ఏం జెప్పి పోయినవ్? అన్నం పెడితే ‘పెద్దయ్యగారు తిని లేవనీ’ అంటుండు” అన్నాడు. పొద్దున్నే సుబ్బు తనంతట తనే మొహం కడుక్కుంటున్నాడట, బొట్టు కూడా పెట్టుకోకుండా. ఏ గొంతూ రావడం లేదట. గడప బయట కూర్చుని లోపలికి చూస్తున్నాడట.

వదినకు నా నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు. నీ దీవెన నాకు ఎప్పుడూ ఉంటుంది, ఈసారి దాన్ని తమ్ముడికి ఇవ్వు. క్షేమమన్న ఆ వాక్యం ఇప్పటికీ రాయలేకపోతున్నాను. భోజనం అయిపోయిందని వచ్చి వాడితో చెప్పు అన్నయ్యా. చాలాసేపైంది.

నీ చెల్లెలు,
కామేశ్వరి