ఆపినా ఆగని గడియారం

మొరే, నవంబరు 1927

ఒడీలక్కా,

మా మామగారు పోయారని తంతి అందే ఉంటుంది. ఊపిరి ఆగగానే అత్తయ్య అద్దాలకు గుడ్డలు కప్పి గడియారం ఆపేసింది. శవం గడప దాటేవరకూ ఇంట్లో గడియారం నడవకూడదు కదా. గాజు మూత ఎత్తి, లోలకాన్ని కదలకుండా పట్టుకుని వదిలింది. మామయ్య పనిచేసిన కళ్లద్దాల కార్ఖానా వాళ్లు ఆయనకిచ్చిన బ్యాటరీ గడియారం అది, దానికి కీ ఇవ్వక్కర్లేదు.

అందరం జపమాల తిప్పుతూ కూర్చున్నాం. వీధిలో దుంగల బండి వెళ్లింది. కాసేపటికి గడియారం టిక్కుమంది. అక్కా, నా పై ప్రాణాలు పైనే పోయాయి. "ఆపింది మళ్లీ నడిచిందంటే ఇంట్లో ఇంకొకరికి పిలుపొచ్చినట్టే," అంది పొరుగింటి ముసలమ్మ. ఆవిడ నోట మంచి మాట ఎప్పుడొచ్చింది కనుక. అత్తయ్య నా కడుపుకేసి చూసింది.

సమాధి చేసి వచ్చాక కూడా అలాగే చూస్తోంది. తిండి మానేసి గడియారం ముందే కూర్చుంటోంది. నాకిది ఏడో నెల. బిడ్డ కాసేపు కదలకపోతే కడుపు తట్టి చూసుకుంటున్నాను. ఈ ఇంట్లో కనలేను. మా ఆయనకింకా చెప్పలేదు. శనివారం రైలుకి నీ దగ్గరికి వచ్చేస్తున్నాను.

నీ సొలాంజ్

శుక్రవారం

అక్కా,

భయం పట్టలేక గడియారాలు బాగుచేసే పెర్నేని పిలిపించాను. చూసి నవ్వాడు.

"పాతవాటిలో స్ప్రింగు లోలకాన్ని ఊపుతుంది. ఇందులో లోలకమే ముళ్లని తోస్తుందమ్మా. దాని కింద తీగచుట్ట ఉందే, అది ఈ వంపు అయస్కాంతం మీదుగా ఊగుతుంది. ఊగినప్పుడల్లా ఈ వెండి పుల్ల తగిలి చుట్టలోకి కరెంటొస్తుంది, అయస్కాంతం దాన్ని ఓ తోపు తోస్తుంది. బ్యాటరీ ఉండగా చేత్తో ఆపితే ఏం లాభం? బండి అదురుకి పుల్ల తగిలిందంటే చాలు, ఉయ్యాల్లా ఊపందుకుంటుంది. మీ అత్తగారు కీ గడియారాన్ని ఆపినట్టు దీన్ని ఆపారు. తీగ ఊడదీయాలి."

ఊడదీసి లోలకాన్ని ఆపాడు. ఈసారి ఆగిపోయింది. నా మనసు కుదుటపడింది.

అత్తయ్య ముఖం మాత్రం పాలిపోయింది. "అయితే ఆయన కాదా?" అంది.

గడియారం నడిపిస్తున్నది మామయ్యేనని, మనవణ్ణి చూడాలని వెళ్లకుండా ఆగారని అనుకుందట. అందుకేనట ఆ చూపులు.

"ముందే చెప్పొచ్చుగా అత్తయ్యా, నేను భయంతో చచ్చాను."

"పైకి అంటే ఆయన వెళ్లిపోతారేమోనని."

పెర్నే వెళ్లాక నా చెయ్యి పట్టుకుంది. "తీగ పెట్టెయ్యవే అమ్మాయ్. ఇంట్లో చప్పుడు లేకపోతే నాకు భయమేస్తోంది."

తీగ తగిలించి, లోలకాన్ని నేనే వేలితో కదిపాను. ఎలా నడుస్తుందో తెలిసి కూడా మొదటి టిక్కుకి ఒళ్లు జలదరించింది. రేపు రైలెక్కడం లేదక్కా. నా మంచం అత్తయ్య గదిలో వేయించుకున్నాను. బిడ్డ కదిలినప్పుడల్లా ఆవిడ చేయి తీసి కడుపు మీద పెట్టుకుంటున్నాను.

నీ చెల్లెలు
సొలాంజ్