ముప్పయ్యో తేదీకల్లా మడి ఖాళీ

20వ తేదీ, ఉదయం 6.10
చలి మొదలైంది. కాపు అయిపోవచ్చింది. ఈసారి ముప్పయ్యో తేదీకల్లా నా కూరగాయల మడి అద్దంలా ఉంటుంది! పోయినేడు ముదిరిన మొక్కలు పీకకుండా వదిలేస్తే, వాటి పురుగంతా ఇంటి వెనక అత్తయ్య మడికి పాకింది. అందుకే నిన్న తేల్చి చెప్పేశారు. గడువులోగా ఖాళీ చెయ్యకపోతే, ఇంటి ముందున్న నా మడి కూడా వచ్చే ఏడాది నుంచి ఆవిడదేనట. చూద్దాం. పదేళ్లుగా కుట్టుమిషన్ తొక్కుతున్నదాన్ని, నాకిదో లెక్కా?
పీకాల్సినవి: టమాటా తొమ్మిది, వంగ నాలుగు, మిరప ఆరు, చిక్కుడు పాదు ఒకటి.

21, ఉదయం 7.00
టమాటా రెండు పీకాను. శభాష్! మూడోదానికి నాలుగు పచ్చికాయలున్నాయి. పండనిద్దాం.

23
మంచి కాయని విత్తనానికి ఉంచాలి కదా. ఎవరూ కొయ్యకుండా గుర్తుగా గుడ్డపేలిక కట్టాను. నా దగ్గర ముక్కలకేం కరువు?

25, సాయంత్రం
పేలికలు కట్టిన కాయలు: ఇరవై ఏడు. నాలుగు వంగమొక్కలకీ కట్టాను. ఒకదానికి కట్టి ఇంకోదాన్ని వదిలేస్తే చిన్నబుచ్చుకోదూ? మా ఆయన కూరకి చిక్కుళ్లు కోయబోతే అన్నిటికీ పేలికలే. ఇంటిముందు ఇంత కాపు పెట్టుకుని, సంచి పట్టుకుని బజారుకెళ్లారు. వెళ్తూ వెళ్తూ, మొక్కలకేమైనా దెబ్బలు తగిలాయా, కట్లు కట్టావు అని అడిగారు.

27
వాన. పనికి సెలవు.
(వాన కాదు. నాలుగు చినుకులు.)

29
వంగకి కొత్త పువ్వు! ఇంత చలిలో! దానికి బుద్ధి లేదు సరే, నాకుండొద్దూ? పీకుదామని వెళ్లి నీళ్లు పోసొచ్చాను.

30, ఉదయం 8.00
అత్తయ్య పార పట్టుకుని వచ్చారు. ఇంతింట్లో నాదని చెప్పుకునేది ఆ నాలుగు బారల నేలే. అదీ పోయింది. ఏడుపొచ్చేసింది, దాచుకోలేకపోయాను.
ఆవిడ వంగపువ్వు కేసి చాలాసేపు చూశారు. తర్వాత నా చెయ్యి పట్టుకుని ఇంటి వెనక్కి తీసుకెళ్లారు. ఆవిడ మడి! బెండ, బీర, అన్నీ ఎక్కడివక్కడే! ఒక్కటీ పీకలేదు.
"నావి పీకాలంటే నాకూ చెయ్యి రావట్లేదమ్మాయ్. నీ మడి నేను పీకుతాను, నాది నువ్వు పీకు. ఎవరి మడి వాళ్లకే ఉంటుందిలే."

30, మధ్యాహ్నం 12.30
పక్కవాళ్ల మొక్కలు పీకడం ఎంత సుఖం! గంటలో బెండ మొత్తం పీకేశాను. బీర పాదు దగ్గర మాత్రం ఆగాను. కొసన వేలెడంత పిందె ఉంది. అత్తయ్య బాధపడతారని వదిలేశాను.
ముందుకొచ్చి చూద్దును కదా, నా మడంతా నున్నగా ఉంది. మధ్యలో ఒక్క వంగమొక్క నిలబడి ఉంది, పువ్వుతో సహా. అత్తయ్య అటు తిరిగి చేతులు కడుక్కుంటున్నారు. నేనూ వెళ్లి పక్కనే చేతులు కడుక్కున్నాను.
సోమవారం నుంచి మిగిలినవి పీకడం ఇద్దరం గట్టిగా మొదలుపెడుతున్నాం.