సెనైల్ అన్న మాట

విడీ ఘర్కుల్, షోలాపూర్
జూన్ 1991

ప్రియమైన ద్రౌపదికి, అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ ఇంకా వాన లేదు. నా కడుపులో మంట కూడా చల్లారలేదు. మేము చుట్టిన మంచి బీడీలను సైతం పనికిరావంటూ కార్ఖానాలో పక్కన పడేస్తున్నారు. వాటికి కూలీ ఇవ్వరు, తర్వాత వాటినే అమ్ముకుంటారు. యూనియన్ మీటింగులో లేచి ఇదేం న్యాయమని అడిగాను. మా నాయకుడు దత్తాత్రి పక్కనున్న మేనేజరుతో నవ్వుతూ, "సెనైల్ హై బుడ్ఢీ, ఛోడో" అన్నాడు. ముసల్దాన్ని వదిలెయ్యమన్నది తెలిసింది, ఆ మొదటి మాటే తెలియలేదు.

"ఏందిరా ఆ మాట? తెలుగుల చెప్పు" అన్నాను.

"ఏం లేదు పెద్దమ్మా, కూసో."

నువ్వు బడిలో ఇంగ్లీషు చెప్తావు కదా. దాని అర్థం ఉన్నదున్నట్టు రాయి.

నీ అమ్మ,
చంద్రభాగ

నిజామాబాద్
జూలై 1991

ప్రియమైన అమ్మకు,

ముసలితనంతో మతి తప్పిన మనిషిని సెనైల్ అంటారు. కానీ పుట్టినప్పుడు అది తిట్టు కాదమ్మా. లాటిన్ భాషలో ముసలివాణ్ని 'సెనెక్స్' అనేవారు. రోమ్‌లో రాజ్యం సంగతులు తేల్చే పెద్దల సభకు సెనేట్ అన్న పేరు దాంట్లోంచే వచ్చింది. సీనియర్ అన్నదీ అంతే. మతి తప్పడమన్న అర్థం చాలా కాలానికి వచ్చి అంటుకుంది.

ఆ దత్తాత్రి నోరు పడిపోను. అయినా అరవై దాటినదానివి, ఈ గొడవలు నీకెందుకు? కోపంలో ఏమంటావో నీకే తెలియదు. బీడీలు చుట్టే ఆ చాట పక్కన పెట్టి మా ఇంటికి వచ్చేయి.

నీ బిడ్డ,
ద్రౌపది

విడీ ఘర్కుల్
సెప్టెంబర్ 1991

ద్రౌపదికి,

నీ ఉత్తరం చూశాక ఇన్నాళ్లూ జవాబు రాయబుద్ధి కాలేదు.

మళ్లీ మీటింగు పెట్టినప్పుడు నీ సెనేట్ సంగతి చెప్పాను. దత్తాత్రి పకపకా నవ్వాడు. మా ఆడవాళ్లకూ అర్థం కాలేదు. అప్పుడు పక్కింటి సుందరాబాయి లేచింది.

"రోమ్ యాడుందో నాకెర్క లేదు. చంద్రక్క అడిగిందానికి జవాబు చెప్పు. తీసేసిన బీడీలు యాడికి పోతున్నయ్?"

అతను మీటింగు అయిపోయిందంటూ లేచి వెళ్లిపోయాడు. మర్నాటి నుంచి మా ఘర్కుల్ కాలనీలో ఎవరూ చాట ఒళ్లోకి తీసుకోలేదు. పొయ్యిలు ఆరిపోయినా తీసుకోలేదు. చివరికి మేనేజరే వచ్చాడు. ఇప్పుడు తీసేసిన బీడీలను మా కళ్లముందే విరిచేస్తున్నారు. అమ్ముకునే వీలు లేకపోయేసరికి తీసేయడమే తగ్గింది. దత్తాత్రిని దింపి, ఆ కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు.

అతని మీద కోపం తీరింది. నీ మీద తీరలేదు. అతను నాకు రాని భాషలో అన్నాడు. 'కోపంలో ఏమంటావో నీకే తెలియదు' అని నువ్వు అదే మాట తెలుగులో రాశావు. ఈసారి వచ్చినప్పుడు నా ఎదురుగా కూర్చుని అను, వింటాను.

చంద్రభాగ