భుజం మీద చెయ్యి, గదిలో రెండో కుర్చీ

మాజీ సైనికుల ఆసుపత్రి ముఖ్య వైద్యాధికారి గారికి,

అయ్యా,

విషయం: యుద్ధం నుండి తిరిగివచ్చిన సిపాయి దాంపత్య ఇబ్బంది గురించియు, మనోవైద్యుని గదిలో రెండవ కుర్చీ మంజూరు గురించియు.

తమ సముఖమునకు విన్నవించుకొనునది ఏమనగా, నేను సరిహద్దులో కాపలా కాసి, ఒంటి మీద ఒక్క గీత పడకుండా ఇల్లు చేరిన మాజీ సిపాయిని. ప్రస్తుతం బస్సు డిపోలో టైర్లు మార్చుచున్నాను. టైరు పేలినప్పుడల్లా బస్సు కింద దూరుతున్నాను గానీ, దానికి వేరే అర్జీ పెట్టుకుంటాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చ గెలిచి వచ్చి ఇంట ఓడిపోతున్నాను.

1. తమ ఆసుపత్రిలో రోగులను మైకులో పిలుచు పద్ధతి అమలులో ఉన్నది. నంబరు, గది చెబితే చాలును. కానీ మైకు దగ్గర కూర్చునే ఆవిడగారు జబ్బు కూడా చదువుదురు. "పదిహేడో నంబరు, మగతనం ఇబ్బంది, రెండో గది" అన్నారు. నాతో పాటు మరో నలుగురు లేచి నిలబడ్డారు. వాళ్లెవరిదీ పదిహేడు కాదు. ఒకరి మొహం ఒకరు చూసుకుని, దాహమేసినట్టు అందరం కుళాయి వైపు నడిచాం. కుళాయిలో నీళ్లు లేవు. దీనిని కూడా ఫిర్యాదుగా స్వీకరించగలరు.

2. తమ ఫారంలో ఒక మనిషి బొమ్మ ఉన్నది. గాయమైన చోట ఇంటూ పెట్టమన్నారు. నేను తల మీద పెట్టితిని. కిటికీ గుమాస్తాగారు "ఫిర్యాదేమో కింద, ఇంటూ ఏమో పైన. ఏదో ఒకటి దిద్దుకురావయ్యా" అని తిప్పి పంపారు. పోనీ కిందే పెడదామంటే, బొమ్మ గీసిన మహానుభావుడు అక్కడ ఏమీ గీయలేదు.

3. మొదటి గది డాక్టరుగారు, అనగా మనోవైద్యులవారు, భయానికి మాత్రలిచ్చారు. భయం తగ్గింది, దాంతో పాటు మిగతావన్నీ తగ్గాయి. ఆ మిగతావాటికి రెండో గది డాక్టరుగారు మాత్రలిచ్చారు. ఇద్దరి మధ్య ఉన్నది ఒక్క గోడే అయినా వారు మాట్లాడుకోరు. వాళ్ల మాత్రలు మాత్రం నా కడుపులో కలుసుకుని కొట్టుకుంటున్నాయి.

4. ఇక అసలు సంగతి. ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని నడుం వాలుస్తాను. మా ఆవిడ వంటిల్లు సర్దుకుని వచ్చి, పక్కన చేరి, నా ఎడమ భుజం మీద చెయ్యి వేయును. అంతట నేను లేచి, బూట్లు తొడుక్కుని, పోయి గేటు దగ్గర నిలబడుదును.

కారణం ఏమనగా, మా శిబిరంలో రాత్రిపూట నోరెత్తకూడదు. కాపలా మారే వేళకు ముందువాడు వచ్చి ఎడమ భుజం నొక్కుతాడు. లేవాలి, బూట్లేసుకోవాలి, వెళ్లాలి. ఒకసారి నా తోటి సిపాయి, మా పొట్టోడు, నా భుజం నొక్కి, "నువ్వు లేసులు కట్టుకో, అందాకా నేనుంటాలే" అని వెనక్కి కాపలా చోటికే పోయాడు. రెండో బూటు లేసు కట్టేలోపు ఆ చోట గుండు పడింది. అక్కడ నేనుండాలి, వాడున్నాడు. అప్పట్నుంచీ భుజం మీద చెయ్యి పడితే ఒళ్లు నా మాట వినదు సార్.

ఇది మా ఆవిడకు తెలియదు. గేటుకు ఎదురిల్లు బట్టలు కుట్టే ఆవిడది. "మండుటెండలో బూట్లేసుకుని మరీ ఎవత్తె కోసం నిలబడుతున్నావయ్యా?" అని మా ఆవిడ అడిగింది. బూట్లు దాచేసింది. వట్టికాళ్లతో వెళ్లాను, అనుమానం ఇంకా ముదిరింది. ఇప్పుడు సంచి సర్దుకుంది. వచ్చే ఆదివారం దాటితే అక్క ఇంటికి పోతానంటోంది. అది పోతే నాకు ఎవరూ లేరు.

మనోవైద్యుని గదిలో రోగికి ఒకటే కుర్చీ ఉన్నది. ఇంటివాళ్లు బయటే ఉండాలట. కావున రెండో కుర్చీ వేయించి, నేను నీళ్లు నమిలే మాటను డాక్టరుగారే మా ఆవిడకు చెప్పునట్లు ఉత్తర్వు చేయవలెనని, ఆదివారం లోపుగా చిత్తగించవలెనని ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయుడు,
ప్రస్తుతం గేటు దగ్గర

తా.క.: గుమాస్తాగారు దీన్ని కూడా తిప్పి పంపారు. సంసారం సంగతి రాస్తే భార్య సంతకం ఉండాలట. ఆవిడకు చెప్పే నోరు లేకే కదా తమకు రాసుకుంది! గత్యంతరం లేక వంటింటి గుమ్మంలో కూర్చుని, పొట్టోడి దగ్గర మొదలుపెట్టి అంతా చెప్పాను. పొయ్యి ఆర్పి వింది. "నేనంటే వెగటు పుట్టిందనుకున్నాను. ముందే చెప్పి చావొచ్చుగా" అని ఏడ్చింది, సంతకం పెట్టింది. కళ్లు తుడుచుకుని, "మీ మిలిట్రీలో కాలి బొటనవేలికి ఏమైనా అర్థముందా?" అంది. లేదన్నాను.

ఆదివారం వచ్చి బొటనవేలు పట్టుకుని లాగింది. నేను గేటు దగ్గరికి పోలేదు. తమరేమీ ఊహించుకోవద్దు, ఇద్దరం సాయంత్రం దాకా నిద్రపోయాం, అంతే. సంచి విప్పేసింది. రెండో కుర్చీ మాత్రం కావాలి, మంగళవారం మనోవైద్యుని దగ్గరికి నాతో తనూ వస్తోంది. లేకపోతే ఇంట్లోది మోసుకొస్తానంటోంది, అన్నంత పనీ చేస్తుంది.

ఇంకొక్కటి. ఆ రోజు నాతో కుళాయి దాకా నడిచిన నలుగురూ ఎవరో నాకు తెలియదు. వాళ్ల ఇళ్లలోనూ సంచులు సర్దే ఉంటాయి. ఆ మైకు నాకొక్క నిమిషం ఇప్పించగలరు.