ఉత్తుత్తి కరెంటు

జూన్ 3, మంగళవారం

ఈరోజు నుంచి నా తలకి కరెంటు. బ్యాటరీ చిన్నదేనట, భయం లేదట. నాకు ఆటిజం కదా, దీంతో నలుగురిలో కలవడం వస్తుందట.

టెక్నీషియన్ ఉప్పునీళ్ళలో ముంచిన స్పాంజీలు నుదుటికి పెట్టి రబ్బరు పట్టీ బిగించింది. నీళ్ళు చెంపల మీదికి కారాయి. తుడుచుకోవద్దంది. కాసేపు దురద, తర్వాత ఏమీ లేదు. ఎదురుగా స్క్రీన్ మీద మొహాలు వస్తాయి. ఎవరికి కోపమో, ఎవరికి దిగులో చెప్పాలి. సగం తప్పు చెప్పాను.

ఇది పరిశోధన. కొందరికి అసలు కరెంటు, కొందరికి ఉత్తుత్తిది. ఎవరికేదో టెక్నీషియన్‌కీ తెలియదట, చివర్లో చెబుతారట. నీకిష్టమేనా అని డాక్టరు గారు నన్నూ అడిగారు. అమ్మ నా వైపే చూస్తోంది. తలూపాను.

జూన్ 4

ఛార్జింగ్ అయిందా అన్నాడు అన్నయ్య. ఫుల్ అన్నాను. పడీపడీ నవ్వాడు. వాడి జోకులు నాకు అర్థమవుతాయి. నవ్వాలనిపించదు, అంతే.

జూన్ 6, సాయంత్రం

కొంప మునిగింది. అమ్మ కనుబొమ్మకి పిండి అంటుకుంది. నేను దాన్నే చూస్తున్నాను. అమ్మ గరిటె వదిలేసి ఏడ్చేసింది. నేను తన కళ్ళలోకి చూశానట. పిన్నికి ఫోన్, అత్తకి ఫోన్, పక్కింటావిడకి స్వయంగా వెళ్ళి మరీ చెప్పడం. పిండి సంగతి చెబుదామని నోరు తెరిచాను. అమ్మని అంత సంతోషంగా నేనెప్పుడూ చూడలేదు. నోరు మూసుకున్నాను.

జూన్ 11

కనుబొమ్మల మధ్య చూస్తే చాలు. అందరూ నమ్మేస్తున్నారు.

జూన్ 17

మొహాల పరీక్షలో అన్నీ కరెక్ట్. రోజూ అవే మొహాలు మరి. చెవి దగ్గర పుట్టుమచ్చ ఉన్నాయనకి కోపం. పచ్చ కమ్మలావిడకి దిగులు. ఫోటోలు మార్చాలని అంత చదువుకున్నవాళ్ళలో ఒక్కరికీ తట్టలేదు. డాక్టరు గారు భుజం తట్టబోయి ఆగారు. త్వరగా బాగైతే త్వరగా వదిలేస్తారని నా ఆశ.

జూన్ 22, ఆదివారం

పిన్నీ బాబాయీ వచ్చారు. ఇదివరకు చుట్టాలొస్తే నేను వాషింగ్ మెషీన్ ముందు కూర్చుని బట్టలు తిరగడం చూసేదాన్ని. ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఇప్పుడు అమ్మ ఆ గదికి తాళం వేసింది. ఇక నీకా అవసరం లేదుగా అంది.

హాల్లో కూర్చుని బాబాయి చెప్పే ప్రతి మాటకీ నవ్వాను. ఆయన చెబుతున్నది తన ఆపరేషన్ గురించని ఆలస్యంగా తెలిసింది. అయినా పిన్ని, ఎంత కలుపుగోలుగా తయారైందో అని మురిసిపోయింది.

వాళ్ళు వెళ్ళాక మంచం కింద దూరి పడుకున్నాను. దవడలు లాగేస్తున్నాయి. అన్నయ్య వచ్చి నేల మీద కూర్చున్నాడు. నటిస్తున్నావా అని అడిగాడు. అవునన్నాను. అమ్మకి చెప్పనా అన్నాడు. వద్దన్నాను. ఏడుపొచ్చింది. వాడు లైటు తీసేసి అక్కడే కూర్చున్నాడు.

జూన్ 30

పరిశోధన అయిపోయింది. నాది ఉత్తుత్తి కరెంటట. మొదట కాస్త దురద పుట్టించి మెషీన్ తనంతట తనే ఆగిపోతుందట.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఇక ఇంటికెళ్ళి మెషీన్‌లో బట్టలు వేసుకోవచ్చు అనుకున్నాను. ఈ పట్టీ ఉండదు, ఈ నవ్వులుండవు. అంతలో అమ్మ అంది:

"ఉత్తుత్తిదానికే ఇంత మారిందంటే, అసలుది పెడితే ఇంకెంత బాగుంటుందో కదండీ."

ఉత్తుత్తిది అందినవాళ్ళు కోరితే అసలుదీ ఇస్తారట. నీకిష్టమేనా అని డాక్టరు గారు మళ్ళీ అడిగారు. ఆయన కనుబొమ్మల మధ్య చూశాను. తలూపాను.

జూలై 2

అసలు కరెంటు. దురద చివరిదాకా ఉంది.

ఇంటికొచ్చి అమ్మ కళ్ళలోకే చూశాను, నిజంగా. ఒళ్ళంతా బిగుసుకుపోయింది. "నాకిది వద్దమ్మా. ఇన్నాళ్ళూ నటించాను," అన్నాను.

అమ్మ డాక్టరు గారికి ఫోన్ చేసింది. పని చేస్తోందని చెప్పింది. పిల్లకి మనసులో మాట చెప్పడం వచ్చేసిందని.