డాక్ పెట్టి విన్నాక

ఫిబ్రవరి 2, ఉదయం

నేను డైరీ రాసే మనిషిని కాను. ఈరోజు మొదలుపెడుతున్నాను, ఎందుకంటే గొడవ మొదలైంది. గొడవలో ఎవరు ఎప్పుడు ఏమన్నారో రాసి పెట్టుకోకపోతే చివరికి గట్టిగా అరిచినవాళ్ళ మాటే నిలుస్తుంది.

విషయం ఇది. మా మనవరాలు, అంటే మా అమ్మాయి కూతురు, చూపు లేని పిల్లల ఆడియో లైబ్రరీకి జీవశాస్త్రం పాఠ్యపుస్తకం చదివి రికార్డు చేసింది. ఇంట్లోనే, తన గదిలో, లాప్‌టాప్ ముందు కూర్చుని. పద్నాలుగు చాప్టర్లు. ప్రతి చాప్టరూ పుస్తకం పక్కన పెట్టుకుని విని, తప్పులు దిద్దించి, బాగుందని టిక్కు పెట్టింది నేను. స్కూల్లో టీచరుగా రిటైరైన దగ్గర్నుంచి ఆ లైబ్రరీకి ఈ పని చేస్తున్నాను. మనవరాలు కదా అని ఒక్క ఒత్తు కూడా వదల్లేదు.

నిన్న పుస్తకం మొత్తం తిప్పి పంపారు. మొదటి నుంచి చివరిదాకా వెనకాల సన్నగా కూత వస్తోందట. వింటుంటే తలనొప్పిగా ఉందని పిల్లలు చెప్పారట.

కూత లేదు. నిన్న సాయంత్రం కూర్చుని మళ్ళీ విన్నాను.

ఈ నెల ఇరవైన లైబ్రరీలో పర్మనెంట్ రీడర్ పోస్టు తేలుతుంది. ఈ పుస్తకం చూసే ఇస్తామన్నారు. దాని కోసం పిల్ల కాల్‌సెంటర్ ఉద్యోగం మానేసి కూర్చుంది. మానెయ్యమన్నదీ నేనే. అలాంటి గొంతు పెట్టుకుని రోజంతా ముక్కూమొహం తెలియని వాళ్ళకి సారీ చెప్పడమేమిటి?

ఫిబ్రవరి 3

లైబ్రరీ సౌండ్ ఇంజనీరుకి ఫోన్ చేశాను. గుబురు గడ్డం మనిషి. నా లెక్కలో అతని పేరే గడ్డం. దేంట్లో విన్నారు మేడమ్ అని అడిగాడు. ఫోన్లో, ఫోన్‌తో పాటు ఇచ్చిన ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని అన్నాను. అలా వింటే ఎలా మేడమ్, దాన్ని నమ్మకూడదు అన్నాడు. ఫోన్‌కి బయట ఒక చిన్న పెట్టె తగిలించాలట, దాన్ని డాక్ అంటారట. ఫోన్లో అంకెలుగా ఉన్నదాన్ని ఆ పెట్టె శబ్దంగా మారుస్తుంది. దానికి మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే ఉన్నది ఉన్నట్టు వినపడుతుంది. మేం అలాగే వింటాం అన్నాడు.

తర్వాత రికార్డింగ్‌లోని శబ్దాల్ని గీసి చూపించే బొమ్మ ఒకటి పంపాడు. నల్లటి తెర మీద, కింద పిల్ల గొంతంతా మంటల్లా ఉంది. పైన ఒక పసుపు గీత, స్కేలు పెట్టి గీసినట్టు. అదే కూత అన్నాడు.

బొమ్మ చూసి పాట బాగాలేదనే మనిషిని ఇప్పుడే చూస్తున్నానన్నాను. నవ్వాడు. నేను నవ్వలేదు.

సరే. వాళ్ళు వినే పెట్టెతోనే వింటాను. విని, లేదని చెప్తాను.

ఫిబ్రవరి 4

కొన్నాను. పెట్టె అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, అంతే. హెడ్‌ఫోన్స్ మాత్రం చెవుల్ని పూర్తిగా మింగేసేంత ఉన్నాయి, వెనకాల జల్లెడలా చిల్లులు.

పిల్ల చూసి, ఇదంతా ఎందుకు అమ్మమ్మా, తప్పు నాదే, మళ్ళీ చదివి ఇస్తానని వాళ్ళతో చెప్తాను, వదిలెయ్ అంది. చెయ్యని తప్పు ఒప్పుకోవడం కూడా అబద్ధమేనని కసిరాను. వెళ్ళి తలుపు వేసుకుంది. తలుపు వేసుకోవడంలో కూడా చప్పుడు చెయ్యదు ఆ పిల్ల.

ఫిబ్రవరి 5

పెట్టె మీద లైటు వెలిగింది. గొంతు మాత్రం ఫోన్లోంచే వస్తోంది.

ఫిబ్రవరి 6

పెట్టె పాడైందని షాపుకి పట్టుకెళ్ళాను. షాపతను వైరు చూసి, అమ్మగారూ, ఇది చార్జింగ్ వైరు, ఇందులోంచి కరెంటు తప్ప ఇంకేమీ పోదు, అందుకే లైటు వెలిగి ఊరుకుంది అన్నాడు. చివరలు ఒకేలా ఉన్నంత మాత్రాన లోపలి తీగలు ఒకేలా ఉండవట. డేటా వైరు ఇచ్చాడు. ఇంటికొచ్చి తగిలిస్తే మళ్ళీ అంతే.

చివరికి పిల్లనే పిలిచాను. నా ఫోన్ సెట్టింగ్స్‌లో ఓటీజీ అని ఒక స్విచ్ ఉంది, అది ఆన్ చెయ్యనిదే ఈ ఫోన్ బయటి పెట్టెని గుర్తుపట్టదు. ఆన్ చేసింది. గొంతు పెట్టెలోకి దూకింది. మంచినీళ్ళు తాగి, పక్కింటావిడతో రెండు మాటలు మాట్లాడి వచ్చేసరికి మళ్ళీ ఆఫ్. కాసేపు వాడకపోతే దానంతటదే ఆగిపోతుందట. మా స్కూలు అటెండరు లాంటిదన్నమాట, ఎదురుగా నిలబడితేనే పని అన్నాను. పిల్ల నవ్వింది. ఈ నెలలో అదే మొదటి నవ్వు.

తర్వాత వైరు చేత్తో పట్టుకుని అలాగే కూర్చుంది. అమ్మమ్మా, నిజంగా వినాలా అని అడిగింది. వంకర కూర్చోకు, నడుం పడుతుంది అన్నాను.

ఫిబ్రవరి 8, సాయంత్రం

రెండు రోజులు, పద్నాలుగు చాప్టర్లు, ఒక్క మాట వదలకుండా.

గడ్డం ఒక్క విషయంలో నిజమే చెప్పాడు. ఇన్నాళ్ళూ నేను విన్నది మూటకట్టి ఉన్న గొంతు. మూట ఇప్పుడు విప్పారు. పిల్ల పేజీ తిప్పే ముందు వేలు తడి చేసుకోవడం తెలుస్తోంది. ఊపిరి ఎక్కడ తీసిందో, కుర్చీలో ఎక్కడ కదిలిందో తెలుస్తోంది. గుండె చాప్టర్లో రక్తం లోపలికొచ్చి బయటికెళ్ళే దారి చెప్తుంటే, చూపు లేని పిల్ల చెయ్యి పట్టుకుని గది గదీ తిప్పుతున్నట్టుంది. ఇలా చదివేవాళ్ళని నా సర్వీసులో ఇద్దరు ముగ్గురిని చూసి ఉంటాను. వాళ్ళు పిల్లలకి చెప్పడానికి చదివారు. ఇది తనకోసం చదువుకుంటున్నట్టు చదువుతుంది, అందుకే వినబుద్ధవుతుంది. ఈ మాట దానికి ఎప్పుడూ చెప్పలేదు. పోస్టు వచ్చాక చెప్తాను.

కూత లేదు. వాళ్ళ పెట్టెతో, వాళ్ళు చెప్పిన పద్ధతిలో విన్నాను. లేదు.

పిల్లని పడగొట్టడానికి ఎవరో పెట్టిన వంక ఇది. తమ మనిషికి పోస్టు ఇప్పించుకోవడానికే. ఊరుకోను.

ఫిబ్రవరి 9

లైబ్రరీ సూపరింటెండెంట్‌కి ఉత్తరం పంపాను. కూత మీ యంత్రాల్లో ఉందో మీ ఇంజనీరు చెవుల్లో ఉందో ముందు తేల్చుకోండి అని రాశాను. పిల్ల నిర్దోషి అని, క్షమాపణ చెప్పాలని, ఉత్తరం సెలెక్షన్ కమిటీ ముందు చదివి తీరాలని రాశాను. పిల్లకి చెప్పలేదు.

ఫిబ్రవరి 11

ప్రతి పుస్తకం మొదట్లో ఖాళీ గదిని కూడా ఒక నిమిషం రికార్డు చేసి ఇవ్వాలి. మాట ఉండదు, గది ఒక్కటే ఉంటుంది. కూత ఉంటే అక్కడ దాక్కోలేదు. అందుకని పొద్దున్న ఆ నిమిషమే మళ్ళీ మళ్ళీ వచ్చేలా పెట్టి, వాల్యూమ్ మొత్తం పెంచి విన్నాను. ఏమీ లేదు. సంతృప్తిగా హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టి, కళ్ళజోడు తుడుచుకుంటున్నాను.

మా అమ్మాయి కూరగాయల సంచితో వచ్చింది. గుమ్మంలోనే మొహం చిట్లించి, అమ్మా, ఏమిటా రొద, పళ్ళు జివ్వుమంటున్నాయి, ముందు అది ఆపు అంది.

ఏ రొద అన్నాను.

అయ్యో, వినపడట్లేదా, చెవిలో సూది పెట్టినట్టుంటే అంటూ సంచి కింద పెట్టి, నేరుగా బల్ల దగ్గరికి నడిచొచ్చి, హెడ్‌ఫోన్స్ తీసి చేత్తో మూసింది.

గదిలో నాకు ఫ్యాన్ తిరగడం వినపడుతోంది. వీధిలో బండి వినపడుతోంది. మా అమ్మాయి మాట ప్రతి అక్షరం వినపడుతోంది.

ఫిబ్రవరి 11, మధ్యాహ్నం

అమ్మాయిని గోడ వైపు తిరిగి నిలబడమన్నాను. నీకేమైనా పిచ్చా, పొయ్యి మీద కూర మాడిపోతోంది అంటూనే నిలబడింది. నేను ఆపుతూ, పెడుతూ వచ్చాను. కూత వచ్చినప్పుడల్లా చెయ్యెత్తమన్నాను.

ఒక్కసారి కూడా తప్పలేదు.

ఫోన్ బాగుంది. వైరు బాగుంది. పెట్టె బాగుంది. హెడ్‌ఫోన్స్ బాగున్నాయి. ఆ తర్వాత మిగిలింది నేనే.

ఫిబ్రవరి 12

రెండో చాప్టర్ చదివిన రోజు పిల్ల నా గదిలోకి వచ్చింది. అమ్మమ్మా, వెనకాల ఏదో సన్నగా కీమంటోంది కదా అని అడిగింది. చదవడానికి బద్ధకమైనవాళ్ళకే వంకలు దొరుకుతాయి, వెళ్ళి మూడోది మొదలుపెట్టు అన్నాను. నిన్నంతా ఆ మాటే గుర్తొచ్చింది.

ఈరోజు పిలిచి కూర్చోబెట్టి అడిగాను, ఇంకోసారి ఎందుకు చెప్పలేదని.

నువ్వు లేదన్నావు కదా అంది.

అంతే అనుకున్నాను. అంతే కాదు. నేను లేదన్నాక, మూడో చాప్టర్ మధ్యలో, ఎవరికీ చెప్పకుండా చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళిందట. లేని కూత వినపడుతోందని చెప్పి పరీక్ష చేయించుకుందట. నీ చెవులు నిక్షేపంలా ఉన్నాయమ్మా, సరిగ్గా నిద్రపో అని పంపించాడట ఆయన. దాంతో లోపం తలలో ఉందనుకుందట. ఆ భయంతోనే మిగతా పుస్తకమంతా చదివింది. నేను మెచ్చుకున్న ఆ ఊపిరి అదన్నమాట.

పుస్తకం తిరిగొచ్చాక గానీ దానికి నిజం తెలియలేదు. గది అంతా వెతికి, లాప్‌టాప్ చార్జర్ పీకితే కూత ఆగిపోయిందట. మొదటి తారీఖు నుంచీ తెలుసు దానికి. మరి నాకెందుకు చెప్పలేదే అన్నాను.

నీకు కూత వినపడట్లేదని చెప్తే ఇంకేం పని చేస్తావు అమ్మమ్మా నువ్వు అంది.

అప్పుడు ఉత్తరం సంగతి చెప్పాను. ఎప్పుడు పంపావు అని ఒక్కటే అడిగింది.

ఫిబ్రవరి 13

లైబ్రరీకి వెళ్ళాను. పిల్ల రానంది.

పోస్టు నిన్ననే ఇంకొకరికి ఇచ్చేశారు. ఇరవై దాకా ఆగలేదు. ఉత్తరం కమిటీలో చదివారు, నేను అడిగినట్టే. తప్పు చూపిస్తే ఇంట్లో పెద్దవాళ్ళ చేత బెదిరించే మనిషితో రేపు ఎలా పని చేస్తామని ఒకరు అన్నారట, మిగతావాళ్ళు తలలూపారట.

సూపరింటెండెంట్ ముందు అంతా చెప్పాను. కూత ఉంది, నా చెవులకే వినపడలేదు, పిల్ల రెండో చాప్టర్లోనే కనిపెట్టింది, నోరు మూయించింది నేను, ఉత్తరం దానికి తెలియదు అని. ఆవిడ చాలా మర్యాదగా విన్నారు. మంచినీళ్ళు ఇప్పించారు. పక్క ఆఫీసుకి వెళ్ళాల్సిన ముసలివాళ్ళు దారి తప్పి మా స్కూలుకి వస్తే నేనూ అలాగే ఇప్పించేదాన్ని. ఆర్డరు వెళ్ళిపోయిందమ్మా అన్నారు.

బయట వరండాలో గడ్డం కనిపించాడు, లోపలి మాటలు విన్నట్టున్నాడు. చార్జర్ తీసేసి ఒక్క చాప్టర్ మళ్ళీ చదివిస్తే సరిపోయేది మేడమ్, కమిటీని అలా ఒప్పించి పెట్టాను కూడా, ఆ పోస్టు తనకే వచ్చేది అన్నాడు. నా చెవి దగ్గరికి వంగి, గట్టిగా, ఒక్కో మాట విడదీసి చెప్పాడు. అరవక్కర్లేదు, నాకు మాటలు వినపడతాయి అన్నాను. సారీ అన్నాడు.

వెళ్ళబోతుంటే, నేల చూస్తూ, మీ టిక్కుతో వెళ్ళిన మిగతా పుస్తకాలు ఎప్పట్నుంచి చూడాలి మేడమ్ అని అడిగాడు.

ఎప్పట్నుంచో నాకు తెలియదు. వినపడటం మానేసిన రోజు కూడా నాకు వినపడలేదు.

ఫిబ్రవరి 14

ఆ ప్రశ్న ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఫిబ్రవరి 17

పిల్ల మళ్ళీ కాల్‌సెంటర్లో చేరింది. పాతది ఇవ్వలేదు, కొత్త చోటు, తక్కువ జీతం. పొద్దున్న చెప్పులు వేసుకుంటూ, అమ్మమ్మా, మాత్రలు మర్చిపోకు అంది. రోజూ చెప్పే మాటే, రోజూ చెప్పే గొంతే. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

అమ్మాయి మాత్రం అంది. వంటింట్లోంచి, నాకు వినపడేలా. ఈ ఇంట్లో నువ్వు చూసిందే రంగు, నువ్వు విన్నదే శబ్దం, చిన్నప్పట్నుంచీ మాకూ అలవాటైపోయింది, దానికీ అలవాటు చేశాం అంది. గిన్నెలు కడుగుతూనే ఉంది.

మధ్యాహ్నం ఒళ్ళు వెచ్చగా ఉంటే థర్మామీటర్ పెట్టుకున్నాను. చూడటం పూర్తయితే అది కూస్తుందని అట్ట మీద రాసి ఉంది. కూయలేదు. పాడైపోయాయని ఇప్పటికి రెండు పారేశాను. రెండూ బాగానే ఉండి ఉంటాయి.

ఫిబ్రవరి 19

జరగాల్సినవి:

1. నా టిక్కు ఉన్న పుస్తకాలన్నీ, మొట్టమొదటి దాని నుంచి, ఇంకొకరు వినాలి. ఈ మాట గడ్డానికి నేనే చెప్పాలి. ఉత్తరం రాయకూడదు, వెళ్ళి చెప్పాలి.

2. వాటిల్లో ఎన్ని పాడయ్యాయో నాకు చెప్పాలి. ముసలిదని తగ్గించి చెప్పకూడదు.

3. చెవుల డాక్టరు. పిల్ల వెళ్ళిన ఆయన దగ్గరికే.

4. పిల్ల చదువు బాగుందని పిల్లకి చెప్పాలి. పోస్టు వచ్చేదాకా ఆగడానికి ఇప్పుడు పోస్టు లేదు.

5. పిల్ల మళ్ళీ ఎప్పుడైనా చదివితే, బాగుందో లేదో నన్ను అడగకూడదు. అడిగినా నేను చెప్పకూడదు.

6. ఇంట్లో ఎవరైనా ఏదో శబ్దం వస్తోందంటే, వస్తోంది.